జామ చిగుళ్లు: దేనికి పనికొస్తాయి, ఎప్పుడు తినాలి

నోటిపూత, నీళ్ల విరేచనాలు, అన్నం తిన్నాక పెరిగే షుగర్. ఏళ్ల తరబడి వాడాక జామ చిగుళ్లకు మేం మార్కులు వేసేది ఈ మూడింటికే. బరువు తగ్గుతామనో, జుట్టు పెరుగుతుందనో అయితే ఆశ పెట్టుకోకండి.

కోసేటప్పుడు కొమ్మ చివరి రెండు జతల ఆకులే తీసుకోవాలి. లేత కాడ గుండ్రంగా ఉండదు, నాలుగు పలకలుగా ఉంటుంది. ఆకు అడుగున సన్నటి నూగు తగులుతుంది. గోటితో గిల్లితే టక్కున తెగాలి. మూడో జత నుంచి ఈనెలు ముదిరి నోట్లో పిప్పి మిగులుతుంది. పిండినల్లి పట్టినవీ, మందు కొట్టిన తోటలోవీ వద్దు. చెట్టంతా గిల్లేయకండి, జామకు పూత వచ్చేది ఆ కొత్త చిగురుకే.

నోటిపూతకు రెండు చిగుళ్లు కడిగి మెత్తగా నమిలి, ఆ ముద్దను పుండు దగ్గర రెండు నిమిషాలు ఉంచి ఉమ్మేయాలి. ఉప్పు కలపమంటారు గానీ పుండు మీద మంట పుడుతుంది. పని చేసేది ఆకులోని వగరు, అంటే టానిన్లు.

షుగర్ విషయంలోనే చాలామంది దారి తప్పుతున్నారు. పరగడుపున కషాయం తాగి ఫలితం లేదంటారు. జామాకులోని పదార్థాలు పేగులో పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే ఎంజైములను నెమ్మదింపజేస్తాయి. అక్కడ అన్నమే లేకపోతే అవి ఆపేదేముంది? జపాన్‌లో యాకుల్ట్ వారి జామాకు టీకి 2000లో ప్రభుత్వ గుర్తింపు దొరికింది కూడా భోజనంతో పాటు తాగే పానీయంగానే. ఆరు చిగుళ్లు, గ్లాసున్నర నీళ్లు, సన్న సెగ మీద ఐదు నిమిషాలు, అన్నంతో పాటు తాగాలి. ఎక్కువసేపు మరిగిస్తే ఎర్రబడి చేదెక్కుతుంది. ఖాళీ కడుపుతో తాగితే కొందరికి వికారం కూడా. షుగర్ మాత్రలు మాత్రం మానకూడదు. మాత్రలతో కలిసి షుగర్ మరీ పడిపోకుండా గ్లూకోమీటరుతో చూసుకుంటూ ఉండాలి.

ఇనప మూకుట్లో మరిగిస్తే కషాయం సిరాలా నల్లబడుతుంది. టానిన్లు ఇనుమును పట్టుకోవడం వల్లే ఆ రంగు. కడుపులో ఆకుకూరల ఇనుమునూ అలాగే పట్టుకుంటాయి. అందుకని రక్తహీనత ఉన్నవాళ్లు, ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్లు భోజనానికీ మాత్రకూ రెండు గంటలు ఎడంగా తాగాలి. వాళ్లకు షుగర్ కూడా ఉంటే ఇది సరైన దారి కాదు, డాక్టరునే అడగాలి.

ఇక పచ్చడి. గుప్పెడు చిగుళ్లకు చెంచాడు శనగపప్పు, చెంచాడు మినప్పప్పు, నాలుగు ఎండుమిర్చి, కొంచెం జీలకర్ర, ఉసిరికాయంత చింతపండు, చిన్న బెల్లంముక్క. పప్పులు వేయించి తీశాక అదే నూనెలో చిగుళ్లను ముదురాకుపచ్చకు తిరిగేదాకా మగ్గించాలి. పచ్చివి రుబ్బితే నాలుక మొద్దుబారేంత వగరు. అప్పటికీ వగరనిపిస్తే పెరుగులో కలపండి, పాలలోని ప్రోటీన్ దాన్ని పట్టేస్తుంది. రుచికి ఇదే మంచిది. కానీ మందుగా వాడేటప్పుడు పెరుగు వద్దు, వగరు పోతే పనీ తగ్గుతుంది.

విరేచనాలకు అదే కషాయం అర గ్లాసు చొప్పున రోజుకు రెండుసార్లు, అదీ ఓఆర్ఎస్ తాగుతూనే. జ్వరం వచ్చినా, రక్తం పడినా, పసిపిల్లలైనా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. విరేచనాలు కట్టగానే కషాయం ఆపేయండి, ఇంకా తాగుతూ పోతే మలబద్ధకం పట్టుకోవచ్చు.