శ్రీకాకుళం తిరగడానికి ఒక గ్రాఫు కాగితం

అమెరికా నుంచి వచ్చిన చుట్టాలకు అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం చూపించాలంటే బసకు శ్రీకాకుళం టౌనే మేలు. కళింగపట్నంలో సముద్రం పక్కనే ఉంటుంది గానీ, గదులూ బళ్లూ టౌన్లో దొరికినంత సులువుగా దొరకవు. రథసప్తమికి వస్తే మాత్రం టౌన్లోనైనా గది ముందే పట్టుకోవాలి.

డాలర్లు విశాఖలోనే మార్చుకుని బయల్దేరడం సుఖం. ఎవరి దగ్గర మార్చాలన్నదే లెక్క, అది గ్రాఫు కాగితం మీద గీత గీసి చూసుకోవచ్చు. ఒకరు డాలరుకు 84 రూపాయలిస్తారు, కమీషన్ లేదు. ఇంకొకరు 86 ఇస్తారు గానీ, ఎంత మార్చినా 300 కోస్తారు అనుకుందాం. (అసలు రేటు రోజూ మారుతుంది, గీత ఏ రోజుకారోజు గీసుకోవాల్సిందే.) అడ్డంగా సెంటీమీటరుకు 20 డాలర్లు, నిలువుగా 2,000 రూపాయలు పెడితే, 200 డాలర్ల దగ్గర మొదటి గీత 16,800కి, రెండోది 16,900కి చేరతాయి. మధ్య ఎడం అర మిల్లీమీటరు, అంటే పెన్సిల్ మందం. రూపాయల్లోకి మార్చి చూసుకోవడానికి ఆ గ్రాఫు చాలు, ఎవరు లాభమో తేల్చడానికి చాలదు.

అది తేలాలంటే 86 రేటు మీద ఎంత పోతోందో అదొక్కటే నిలువుగా వేయాలి. మొదటివారిది డాలరుకు 2 రూపాయల చొప్పున పైకెక్కే గీత, రెండోవారిది 300 దగ్గర అడ్డగీత. రెండూ 150 డాలర్ల దగ్గర కలుస్తాయి. అంతకు తక్కువ మార్చేవారికి మొదటివారు, ఎక్కువ మార్చేవారికి రెండోవారు లాభం.

టాక్సీ ప్యాకేజీ గీత ఇంకో రకం. 80 కిలోమీటర్లకు 2,400, ఆపైన కిలోమీటరుకు 15 అనుకుంటే 80 దాకా గీత అడ్డంగానే పోయి, అక్కడ వంగి పైకెక్కుతుంది. సున్నా నుంచి తిన్నగా గీసేస్తే 40 కిలోమీటర్లకు 1,200 అని చూపిస్తుంది, ఇవ్వాల్సింది మాత్రం 2,400. కొంగల కోసం తేలినీలాపురం దాకా వెళ్తే 80 దాటిపోతుంది. ఆ రోజుకు వేరే బేరం ఆడుకోవడం నయం.

కిలోమీటర్లను మైళ్లలో చూసుకోవడానికి సున్నా నుంచి 50 మైళ్లు, 80 కిలోమీటర్ల బిందువుకు ఒక్క గీత చాలు. ఏసీ రిమోట్ మీది సెల్సియస్‌ను ఫారెన్‌హీట్‌లో చూసుకునే గీత మాత్రం సున్నా నుంచి మొదలవదు. 0కి 32, 40కి 104 పెట్టి కలపాలి. తర్వాత 20కి 68 వేసి చూడాలి. అది గీత మీద పడకపోతే మూడింట్లో ఏదో తప్పుగా పెట్టినట్టే.