ముగ్గురు అనుమానపు పక్షులు జట్టుకట్టిన కథ: ఎక్స్-ఫైల్స్ ‘అన్‌యూజువల్ సస్పెక్ట్స్’ రివ్యూ

హీరో పక్కన ఉండే బ్యాచ్‌కి మన సినిమాల్లో ఫ్లాష్‌బ్యాక్ ఉండదు. వాళ్లు ఎక్కణ్నుంచి ఊడిపడ్డారో, ఏం చేసి బతుకుతారో ఎవరూ అడగరు. పిలిస్తే వస్తారు, జోకేస్తారు, వెళ్లిపోతారు. అమెరికా టీవీ సీరియల్ ఎక్స్-ఫైల్స్‌లో, ప్రభుత్వ కుట్రల మీద పత్రిక నడిపే లోన్ గన్‌మెన్ ముగ్గురూ నాలుగు సీజన్ల పాటు అచ్చంగా అలాగే బతికారు. హీరో, ఎఫ్‌బీఐ ఏజెంట్ మల్డర్‌కి ఏదైనా డీకోడ్ చేయాల్సి వస్తే వీళ్ల దగ్గరికి వస్తాడు, పని కాగానే పోతాడు. ఐదో సీజన్‌లో మూడో ఎపిసోడ్‌గా 1997 నవంబరు 16న ఫాక్స్ చానల్లో వచ్చిన ‘అన్‌యూజువల్ సస్పెక్ట్స్’ ఆ ముగ్గురూ 1989లో బాల్టిమోర్‌లో ఎలా కలిశారో చెబుతుంది. రాసింది విన్స్ గిలిగన్, తీసింది కిమ్ మానర్స్. నిడివి ముప్పావు గంట. ముగింపుతో సహా కథంతా ఇక్కడ చెప్పేస్తున్నాం కాబట్టి, చూడనివాళ్లు ముందు చూసి రావడం మేలు.

ఈ ఎపిసోడ్ పుట్టింది అవసరంకొద్దీ. 1997 వేసవిలో డేవిడ్ డుకోవ్నీ (మల్డర్), గిలియన్ ఆండర్సన్ (అతని జోడీ ఏజెంట్ స్కల్లీ) ఇద్దరూ లాస్ ఏంజెలిస్‌లో ఎక్స్-ఫైల్స్ సినిమా షూటింగులో ఇరుక్కుపోయారు. సీరియల్ యూనిట్ మాత్రం కెనడాలోని వాంకూవర్‌లో ఉంది. హీరో హీరోయిన్లు లేకుండా నడిచే కథ ఒకటి కావాలి. అందుకే ప్రసారంలో మూడోదైనా ఆ సీజన్లో అన్నిటికంటే ముందు తీసింది దీన్నే. ప్రొడక్షన్ కోడ్ 5ఎక్స్01. స్కల్లీ అసలు కనిపించదు. 1989 నాటికి ఆమెకీ మల్డర్‌కీ పరిచయమే లేదు కాబట్టి ఆ లోటు కథలోనే సర్దుకుపోయింది. మల్డర్ ఉన్నాడు గానీ అతిథి పాత్రంత. సాధారణంగా ఇలాంటి సర్దుబాటు ఎపిసోడ్లు చప్పగా ఉంటాయి. ఇది అలా కాలేదంటే దానికి పెద్ద కారణం, గిలిగన్ ముగ్గురికీ సమానంగా వాటాలు పంచకపోవడం. కథ మొత్తాన్ని ఒక్క బయర్స్ భుజాల మీద పెట్టాడు.

ఆ ఎంపిక ఎందుకు సరైందో చూడాలంటే ముగ్గురి ఉద్యోగాలూ గమనించాలి. జాన్ ఫిట్జెరాల్డ్ బయర్స్ (బ్రూస్ హార్వుడ్) అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీలో ప్రజాసంబంధాల ఉద్యోగి. నీటైన సూటు, దువ్విన గడ్డం, ప్రభుత్వం మీద అపారమైన నమ్మకం. కెనెడీ హత్య జరిగిన రోజు పుట్టాడని తల్లిదండ్రులు ఆ పేరు పెట్టారు. మెల్విన్ ఫ్రోహికీ (టామ్ బ్రెయిడ్‌వుడ్), రిచర్డ్ లాంగ్లీ (డీన్ హాగ్లండ్) బయర్స్ స్టాల్ ఉన్న ఎలక్ట్రానిక్స్ ఎగ్జిబిషన్‌లోనే ఎదురెదురు స్టాళ్లు పెట్టి దొంగ కేబుల్ బాక్సులు అమ్ముకునే పోటీ వ్యాపారులు. ఈ కేబుల్ బాక్సుల సంగతి ఆ కాలం తెలియనివాళ్లకి అర్థం కాదు. 1986 జనవరిలో హెచ్‌బీఓ తన శాటిలైట్ సిగ్నల్‌ని పూర్తిగా స్క్రాంబుల్ చేసేసింది, తర్వాత మిగతా పే చానళ్లూ అదే దారి పట్టాయి. దాంతో డబ్బు కట్టకుండా చానళ్లు చూపించే డీస్క్రాంబ్లర్లకి గిరాకీ పెరిగింది. అంటే ఒక స్టాల్లో కేంద్ర ప్రభుత్వపు టెలికాం ఉద్యోగి, నాలుగడుగుల దూరంలో కేబుల్ దొంగలు. ముగ్గుర్నీ ఒకే హాల్లోకి తేవడానికి వేరే కాకతాళీయాలేవీ అక్కర్లేకుండా పోయింది. మంచి ప్లాటంటే ఇదీ.

కథ పోలీస్ స్టేషన్లో మొదలవుతుంది. ఒక గోడౌన్ మీద పోలీసులు దాడి చేస్తే ఈ ముగ్గురూ దొరుకుతారు. అట్టపెట్టెలో ఒంటి మీద నూలుపోగు లేకుండా ముడుచుకుని, వాళ్లొచ్చేశారంటూ కేకలు పెడుతున్న ఎఫ్‌బీఐ ఏజెంట్ కూడా దొరుకుతాడు. అది మల్డర్. ఏం జరిగిందో బయర్స్ డిటెక్టివ్‌కి వాంగ్మూలం ఇస్తుంటే మిగతాదంతా నడుస్తుంది. ఎగ్జిబిషన్‌లో ఒక అందమైన అమ్మాయి బయర్స్‌కి తారసపడుతుంది. పేరు హాలీ అంటుంది. పిచ్చెక్కిన మాజీ ప్రియుడు తన కూతుర్ని ఎత్తుకుపోయాడంటుంది. ఆ ప్రియుడంటూ ఆమె చూపించేది మల్డర్‌ని. సాయం చేద్దామని బయర్స్ ఇంటర్నెట్‌కి ముందు తరమైన రక్షణ శాఖవాళ్ల కంప్యూటర్ నెట్‌వర్క్ ఆర్పానెట్‌లోకి దొంగదారిన దూరతాడు. ఇక్కడ కాలాన్ని సరిగ్గా పట్టుకున్నారు: ఆర్పానెట్‌ని 1990 ఫిబ్రవరిలో మూసేశారు, కాబట్టి 1989 దాని ఆఖరి రోజులు.

హాలీ అన్న పేరు అబద్ధమని బయటపడే తీరు ఒకసారి దగ్గర్నించి చూడాలి. ఆ పేరు చక్కెర ప్యాకెట్ మీద ఉంది. హాలీ అనే చక్కెర కంపెనీ అమెరికాలో నిజంగానే ఉండేది. కళ్లెదుట కనిపించిన పేరునే ఆ అమ్మాయి చటుక్కున అప్పు తెచ్చుకుందన్నమాట. దీన్ని ఎవరూ నోటితో వివరించనక్కర్లేదు. ప్యాకెట్ కనిపిస్తే చాలు, నమ్మిన మనిషి ఎంత తేలిగ్గా బుట్టలో పడ్డాడో తెలిసిపోతుంది. స్క్రీన్‌ప్లే రాయాలనుకునేవాళ్లు ఆగి చూడాల్సిన చోటు ఇది. సమాచారం, పాత్ర స్వభావం, హాస్యం మూడూ ఒక్క వస్తువులో సరిపోయాయి.

ఆమె అసలు పేరు సుసాన్ మొడెస్కీ (సిగ్నీ కోల్మన్). న్యూమెక్సికోలోని సైనిక ఆయుధ పరిశోధన కేంద్రంలో కెమిస్టు. ఎర్గోటమీన్-హిస్టమీన్ అనే వాయువు తయారీలో పనిచేసింది. పీలిస్తే విపరీతమైన భయం, అనుమానం పుడతాయి. దాన్ని ఉబ్బసం రోగుల ఇన్‌హేలర్లలో నింపి బాల్టిమోర్ జనం మీద పరీక్షించబోతున్నారని ఆమె ఆరోపణ. ఎర్గోటమీన్ కల్పన కాదు, రై ధాన్యానికి పట్టే ఎర్గాట్ బూజు నుంచి వచ్చే మందు, మైగ్రేన్‌కి వాడారు. నిజ జీవితంలో దానికి ఇంత మహిమ లేదు, అది ముఖ్యంగా రక్తనాళాల్ని కుదిస్తుంది. కానీ ఎల్‌ఎస్‌డీ కూడా ఆ ఎర్గాట్ కుటుంబం నుంచే వచ్చింది కాబట్టి రచయిత గాలిలో మేడ కట్టలేదు. జనానికి చెప్పకుండా పరీక్షించడం కూడా అమెరికా చరిత్రలో లేనిదేం కాదు. 1950 సెప్టెంబరులో నౌకాదళం శాన్‌ఫ్రాన్సిస్కో మీద బ్యాక్టీరియాని వెదజల్లి చూసింది. సీఐఏ మనుషుల మీద ఎల్‌ఎస్‌డీ ప్రయోగించిన సంగతి 1970ల్లో బట్టబయలైంది. ఇన్‌హేలర్ అన్న ఊహ కూడా తెలివైనదే. లోపలున్నది ఒత్తిడితో నింపిన డబ్బా కాబట్టి, గోడౌన్లో తూటాలు పెట్టెలకి తగలగానే వాయువు బయటికి చిమ్మడం సహజంగా ఉంది.

ఆ వాయువు మల్డర్ మీద పడుతుంది. మనకి పెద్ద పేచీ ఇక్కడే. 1989లో అతను హింసాత్మక నేరాల విభాగంలో ఉన్న మామూలు ఏజెంటు, అంతుచిక్కని కేసుల ఫైళ్లయిన ఎక్స్-ఫైల్స్ ఇంకా తెరవలేదు. చెల్లెలు సమంత మాయమైన రాత్రి అతనికి హిప్నాసిస్‌లో గుర్తొచ్చింది కూడా ఆ 1989లోనేనని సీరియల్ ముందే చెప్పింది. ఇప్పుడు అదే ఏడాది అతను భ్రమలు పుట్టించే వాయువు పీల్చి, గ్రహాంతరవాసుల్ని చూస్తూ బట్టలిప్పుకున్నాడని చెబితే? ఇన్నేళ్లుగా గ్రహాంతరవాసుల గురించి అతను నమ్ముతున్నదంతా ఒక రసాయనం చలవేనా? ఆ సీజన్ మొదటి రెండు ఎపిసోడ్లు మల్డర్ నమ్మకం కూలిపోవడం గురించే కాబట్టి ఈ అనుమానం బలంగా తగులుతుంది. సాహసమే. కానీ నిప్పు రాజేసి వదిలేసినట్టయింది, తర్వాతి కథల్లో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. నవ్వు కోసం వాడుకున్నారని సరిపెట్టుకోవాలి.

మల్డర్‌కి తర్వాతి రోజుల్లో రహస్య సమాచారం అందించే మిస్టర్ ఎక్స్ (స్టీవెన్ విలియమ్స్) రాక మాత్రం ఈ ముప్పావు గంటలో శిఖరం. నాలుగో సీజన్ మొదటి ఎపిసోడ్‌లోనే చనిపోయిన పాత్ర. కథ వెనక్కి వెళ్లింది కాబట్టి అతన్ని న్యాయంగానే తీసుకొచ్చారు. కాల్పులు ముగిశాక అతని మనుషులు వచ్చి శవాలు సర్దేస్తారు, నెత్తురు కడిగేస్తారు. తన ప్రభుత్వమే ఇలా చేస్తుందా అని బయర్స్ తట్టుకోలేక ఎదురు తిరుగుతాడు, కెనెడీ సంగతీ ఎత్తుతాడు. ఎక్స్ అతన్ని మోకాళ్ల మీద కూర్చోబెట్టి తుపాకీ పెట్టి ట్రిగ్గర్ నొక్కుతాడు. అందులో తూటా లేదు. కెనెడీని చంపింది ఒంటరి తుపాకీవాడని (లోన్ గన్‌మన్) విన్నానంటూ ఒక ముక్క విసిరి, బుద్ధిగా ఉండమని చెప్పి పోతాడు. ముగ్గురి జట్టు పేరు అక్కణ్నుంచి వచ్చింది. హార్వుడ్ ముఖం ఆ రెండు నిమిషాల్లో చేసిన పని అంతకుముందు నాలుగు సీజన్లలో అతనికి దొరకలేదు. పొద్దున ఎఫ్‌సీసీ బ్యాడ్జీలు పంచినవాడే రాత్రికి మరో మనిషి.

వాంగ్మూలం తీసుకునే డిటెక్టివ్ జాన్ మంచ్ (రిచర్డ్ బెల్జర్) ఎన్‌బీసీలో వచ్చిన హోమిసైడ్: లైఫ్ ఆన్ ది స్ట్రీట్ సీరియల్‌లోని పాత్ర. ఆ కథ జరిగేది కూడా బాల్టిమోర్‌లోనే. పోటీ చానల్ పాత్ర సొంత పేరుతో, అదే నటుడితో వచ్చి కూర్చోవడం అప్పట్లో వింతే. పైగా మంచ్ తన సీరియల్‌లో కుట్ర సిద్ధాంతాల పిచ్చోడు. ఇక్కడ బయర్స్ చెప్పే కుట్రని ఒక్క ముక్క నమ్మనివాడిగా కూర్చుంటాడు. హోమిసైడ్ చూసినవాళ్లకి అదనపు పండగ, చూడనివాళ్లకి నష్టమేం లేదు.

ఇక లోపాలు. ఫ్రోహికీకి, లాంగ్లీకి దక్కింది పరిచయం మాత్రమే, పుట్టుక కథ కాదు. లాంగ్లీ డన్‌జన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతూ దొరుకుతాడు, హ్యాకింగ్‌లో ఎవడు మొనగాడన్న వాదన సరదాగా ఉంటుంది. కానీ దొంగ వ్యాపారం చేసుకునేవాళ్లు పత్రిక నడిపే ఉద్యమకారులు ఎందుకయ్యారో వాళ్ల వైపు నుంచి తెలియదు. బయర్స్ మారాడు, వీళ్లు వెంట వచ్చారు. అంతే. బ్రెయిడ్‌వుడ్ నిజానికి ఆ సీరియల్‌లోనే ఫస్ట్ అసిస్టెంట్ డైరెక్టర్. 1994లో ‘ఈ.బి.ఇ.’ ఎపిసోడ్‌కి మనిషి కావాల్సి వస్తే కెమెరా ముందుకొచ్చాడు. అలాంటి నటుడితో కూడా ముసలి గొణుగుడు, చిలిపితనం చేయించారు గానీ ఇంకో మెట్టు ఎక్కించలేదు. సుసాన్ పాత్రకీ అన్యాయం జరిగింది. డెంటిస్టు పంటిలో ఏదో పెట్టాడని ఆమె పట్టుకారుతో తన పన్ను తనే పీక్కునే సీను ఒళ్లు జలదరించేలా ఉంటుంది, ఆమె ఎంత మొండిదో చెబుతుంది. ఆ తర్వాత ఆమె చేత ఉపన్యాసమే చెప్పించారు. చివర్లో ఆమెని ఎక్స్ కారెక్కించుకుపోతే మనకి కలిగే బాధ బయర్స్ మీద జాలి వల్లే.

విన్స్ గిలిగన్ పేరు బ్రేకింగ్ బ్యాడ్ ద్వారా తెలిసినవాళ్లు దీన్ని తప్పక చూడాలి. ఆ సీరియల్‌లోని పక్కపాత్ర సాల్ గుడ్‌మన్‌కి 63 ఎపిసోడ్ల బెటర్ కాల్ సాల్ కట్టింది ఆయనా పీటర్ గూల్డూ కలిసే. నియమాలు పాటించే మనిషి ఎక్కడ పట్టాలు తప్పుతాడన్న ఆసక్తి ఈ బయర్స్ కథలోనే కనిపిస్తుంది. తేడా ఏమిటంటే ఇక్కడ పట్టాలు తప్పినవాడు మంచివైపు వెళ్లాడు.

చూసే వరస గురించి. నేరుగా ఇదే పెట్టుకున్నా కథ అర్థమవుతుంది, కానీ పసలో సగం పోతుంది. ముందు మొదటి సీజన్ ‘ఈ.బి.ఇ.’ చూడండి. అందులో బయర్స్ స్కల్లీ ఇరవై డాలర్ల నోటుని చింపి లోపలి పట్టీని బయటికి లాగుతాడు. ఆ మనిషి ఒకప్పుడు ప్రభుత్వాన్ని నమ్మేవాడని ఇక్కడ తెలిసినప్పుడే ఆ సీను బరువు తెలుస్తుంది. మిస్టర్ ఎక్స్ ఎవరో తెలియాలంటే రెండో సీజన్లో రెండు మూడు ఎపిసోడ్లైనా కావాలి. దీని తర్వాత ఆరో సీజన్ 20వ ఎపిసోడ్ ‘త్రీ ఆఫ్ ఎ కైండ్’ చూడండి. లాస్‌వేగస్‌లో సుసాన్ మళ్లీ కనిపిస్తుంది, ఇక్కడ తెగిన దారం అక్కడ ముడిపడుతుంది. 2001లో ఈ ముగ్గురికీ 13 ఎపిసోడ్ల సొంత సీరియల్ వచ్చింది. తొలి ఎపిసోడ్లో రిమోట్‌తో విమానాన్ని వరల్డ్ ట్రేడ్ సెంటర్ మీదికి నడిపే కుట్ర ఉంటుంది. అది ప్రసారమైంది సెప్టెంబరు 11కి ఆరు నెలల ముందు, మార్చి 4న. ఆ సీరియల్ హాస్యం పాలు ఎక్కువై తేలిపోయింది. మొదటి ఎపిసోడ్ చూసి, మిగతావి ఓపికుంటే చూడొచ్చు. తొమ్మిదో సీజన్ ‘జంప్ ది షార్క్’ ఈ ముగ్గురికీ ముగింపు. దాన్ని ఆఖరికి అట్టిపెట్టుకోండి, పొరపాటున మధ్యలో చూశారో మిగతావన్నీ చప్పబడతాయి.