గర్భసంచి ఆపరేషన్ ప్యాకేజీకి అడ్వాన్సు కట్టబోయేవారికి

నాకు 44 ఏళ్లు. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉందని ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తే, స్కానింగులో రెండు చిన్న ఫైబ్రాయిడ్ గడ్డలు కనిపించాయని, లోపలి పరీక్షయినా చేయకుండానే గర్భసంచి తీసేయాలన్నారు. మందులతోనో, గర్భసంచి లోపల అమర్చే హార్మోను లూప్‌తోనో తగ్గుతుందేమో చూద్దామన్న మాటే రాలేదు. అక్కడి నుంచి మాతో మాట్లాడినదంతా ప్యాకేజీల కౌంటరులోని అమ్మాయే. రోబోతో చేస్తే నొప్పి తెలియదని చెప్పి 1,80,000 రూపాయలకు ఒప్పించింది. చివరికి పరికరాల ఖర్చు వేరే అంటూ 2,64,000 రూపాయల బిల్లు వేశారు.

డబ్బు కన్నా నన్ను ఎక్కువగా బాధిస్తున్నది వేరే ఉంది. ఆపరేషన్ రోజు ఉదయం ఆరింటికి, ఎడమ చేతికి సెలైన్ ఎక్కుతుండగా, నర్సు ఇంగ్లీషులో ఉన్న అంగీకార పత్రం తెచ్చి సంతకం చేయాల్సిన చోటు మాత్రం చూపించింది. రెండు నెలల తరువాత ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి భరించలేక మరో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ డిశ్చార్జ్ సమ్మరీలో ఒక వాక్యం కింద వేలు పెట్టి, "మీ అండాశయాలు రెండూ తీసేశారు, అందుకే ఈ ఆవిర్లు. మీకు చెప్పలేదా అమ్మా?" అని అడిగారు.

నా గర్భసంచి పరిమాణాన్ని బట్టి, పొట్ట మీద ఒక్క గాటు కూడా లేకుండా యోని మార్గంలోనే తీయవచ్చునని కూడా ఆవిడే చెప్పారు. క్యాన్సరు కాని జబ్బులకు వీలైనప్పుడల్లా ఆ మార్గమే మేలని, అది కుదరనప్పుడు పెద్ద కోత కంటే లాప్రోస్కోపీ (పొట్ట మీద చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చేసే ఆపరేషన్) మంచిదని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 2017లో స్పష్టంగా చెప్పింది. లాప్రోస్కోపీలో త్వరగా కోలుకుంటారన్నది నిజమే కానీ, మూత్రనాళానికి దెబ్బ తగిలే ప్రమాదం కొంత ఉంటుంది. ఇలాంటి జబ్బులకు మామూలు లాప్రోస్కోపీ కంటే రోబో మెరుగని రుజువు కాలేదు.

2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. మన ఆడవాళ్లు ఇంత సులువుగా ఒప్పుకుంటున్నారంటే నాకు భయమేస్తోంది.

కాబట్టి యోని మార్గం ఎందుకు కుదరదో డాక్టరునే అడగండి. అండాశయాలు ఉంచుతారా, తీస్తారా అన్నది ముందురోజే తెలుగులో రాయించుకోండి. ఆపరేషన్ నోట్సు, బయాప్సీ రిపోర్టు అడిగి తీసుకోండి. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలే చెబుతున్నా, నావి నా చేతికి రావడానికి నాలుగు దరఖాస్తులు, ఐదు వారాలు పట్టాయి.