సూటి కాలువా, చుట్టల కాలువా: ఏది మేలు?

కావలి దగ్గర రొయ్యల హేచరీలో పనిచేసే మా బావ మొన్న ఫోన్ చేసి, "రొయ్య పిల్లలకి మేతగా వేసే ఆల్గే (నీటి నాచు)లో విడి కణాల్నీ గడ్డకట్టినవాటినీ వేరు చేయాలి, మీరు ప్రయోగాలు చేసే వెంట్రుక మందం కాలువల్లో, సూటిదీ చుట్టదీ, ఏది పనికొస్తుందో చెప్పబ్బా" అన్నాడు.

నీళ్లు మెల్లగా తోస్తే ఏ ఆకారమైనా పెద్ద తేడా లేదు, కణం నీటితో పాటే పోతుంది. వేగం పెంచాకే కణం బుద్ధి బయటపడుతుంది. 1961లో సెగ్రే, సిల్బర్‌బర్గ్ అనే శాస్త్రవేత్తలు చూసింది ఇదే: గుండ్రటి గొట్టంలో కణాలు నడిమధ్యన ఉండవు, గోడకీ అంటుకోవు, మధ్య నుంచి వ్యాసార్ధంలో సుమారు 0.6 వంతు దూరంలో రింగు కడతాయి. వేగంలోని తేడా గోడ వైపు నెడుతుంది, గోడేమో వెనక్కి నెడుతుంది.

చదరపు కాలువలో ఆ రింగు పోయి నాలుగు గోడల మధ్యభాగాల దగ్గర నాలుగు చోట్లు మిగులుతాయి. వెడల్పెక్కువ, లోతు తక్కువ ఉంటే రెండే, వెడల్పాటి గోడల దగ్గర. కణాల్ని వరసలో పెట్టి లెక్కపెట్టాలంటే నా ఓటు ఇలాంటి సూటి కాలువకే. చేయడం తేలిక, నడపడం తేలిక.

వేరు చేయడానికి మాత్రం చుట్టల కాలువే. మలుపులో మధ్యనున్న నీరు బయటికి పోయి, పైనా కిందా గోడల వెంట లోపలికి తిరిగొస్తుంది. 1927లో డీన్ అనే శాస్త్రవేత్త లెక్క కట్టిన సుడి ఇది. పెన్న మలుపులో లోపలి ఒడ్డున ఇసుక మేట వేయడానికీ ఇలాంటి సుడే కారణం, కాకపోతే అక్కడ ఇసుక బరువు కూడా కలుస్తుంది. కాలువ లోతు 100 మైక్రాన్లయితే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు), అందులో 7 శాతానికి తగ్గని కణాలే గట్టిగా వరస కడతాయి. అంటే 15 మైక్రాన్లవి లోపలి గోడ దగ్గర చేరతాయి, 5 మైక్రాన్లవి సుడితో తిరుగుతూ చెదిరిపోతాయి.

నేను మొదటిసారి చుట్టల కాలువలో కణాల బదులు సన్నటి ఎర్ర పూసలు వేసినప్పుడు మైక్రోస్కోపులో అంతా మసకే. సిరంజి పంపు కొంచెం తగ్గించగానే లోపలి గోడ పక్కన సన్నటి ఎర్రగీత తేలింది, మళ్లీ అత్యాశకి పోయి పెంచితే ఆ గీత బయటికి జరిగి వెడల్పయింది. చుట్టతో చిక్కదే, వేగం కాస్త అటూఇటూ అయినా ఊరుకోదు.

బావకి చుట్టే చెప్పాను, ముందు జల్లెడ పెట్టమని కూడా, లేకపోతే పెద్ద గడ్డలు నోట్లోనే అడ్డం పడతాయి. "సరే, తూము ఎటు?" అన్నాడు. చివర కాలువని రెండుగా చీల్చు బావా, గడ్డలు లోపలి పాయలో వస్తాయి.