గుర్రాన్ని పోషించడానికి ఏ ఉద్యోగం మంచిది? పదకొండేళ్లు చేసి చూశాక

గుర్రం ఉందని చెప్పగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న, "మీరేం చేస్తుంటారండీ?" అని. గుర్రం పేరేంటని అడగరు, వయసెంతని అడగరు. వాళ్ల చూపులో రెండు అనుమానాలు ఉంటాయి: వీడికి ఎక్కడో భూములైనా ఉండాలి, లేదా వీడికి పిచ్చైనా ఉండాలి. నాకు భూముల్లేవు. బీకాం చదివి లెక్కలు రాసుకుని బతికేవాణ్ణి. 2014 నుంచి ఇప్పటిదాకా మూడు రకాల పనులు చేసి ఒకే గుర్రాన్ని పోషించాను. కాబట్టి ఈ సమీక్ష గుర్రం మీద కాదు, ఆ మూడు పనుల మీద. గుర్రానికి ఎప్పుడో ఐదుకి ఐదు వేసేశాను.

దాని పేరు చుక్క. మలక్‌పేట రేసుకోర్సులో పరుగెత్తి, పెద్దగా గెలవక, ఆరేళ్ల వయసులో అమ్మకానికి వచ్చిన థరోబ్రెడ్, అంటే రేసుల జాతి గుర్రం. రేసుల్లో ఏదో ఘనమైన ఇంగ్లీషు పేరుండేది. నుదుటి మీద తెల్లమచ్చ చూసి మా అమ్మాయి చుక్క అంది, అదే ఖాయమైంది. కొన్నది అరవై వేలకి. "ఇంతేనా, నా ఫోన్ అంత!" అన్నాడు మా బావమరిది. నిజమే. ఫోన్‌కి రోజూ తొమ్మిది కిలోల మేత పెట్టక్కర్లేదు కదా.

నాలుగొందల యాభై కిలోల గుర్రం రోజుకి తన బరువులో దాదాపు రెండు శాతం మేత తింటుంది. ముప్పై, నలభై లీటర్ల నీళ్లు తాగుతుంది. ఆరు వారాలకొకసారి గిట్టలు చెక్కించి లాడాలు వేయించాలి. ధనుర్వాతం టీకా, నులిపురుగుల మందు, పళ్లు అరగదీయించడం. మొయినాబాద్ వైపు ఒక ఫామ్‌లో పెట్టి, గుర్రాన్ని చూసుకునే సైసుకీ దాణాకీ కలిపి కట్టేది 2014లో నెలకి పదిహేను వేలు, ఇప్పుడు ఇరవై ఎనిమిది వేలు. లాడాలు, మందులు వేరే. అప్పట్లో నా జీతం నలభై రెండు వేలు. ఇంట్లో ఈ లెక్క ఎలా చెప్పానో ఇక్కడ రాయను.

ఈ లెక్క మా తాతయ్యకి వినిపించి ఉంటే నవ్వి ఊరుకునేవాడు. ఆయన తెనాలిలో జట్కా తోలేవాడు. గుర్రం సంపాదించేది, ఇంటిల్లిపాదీ తినేవాళ్లం. బేరాల్లేని రోజున కూడా ముందు దానికి నానబెట్టిన ఉలవలు పెట్టి, తర్వాతే ఆయన కంచం ముందు కూర్చునేవాడు. నా దగ్గరికొచ్చేసరికి వరస తిరగబడింది.

మొదటి ఉద్యోగం గచ్చిబౌలిలో, ఒక కంపెనీ అకౌంట్స్ విభాగంలో. పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరున్నర. ఇల్లు ఉప్పల్. ఆ ట్రాఫిక్ సంగతి హైదరాబాద్ వాళ్లకి చెప్పక్కర్లేదు. వారంలో ఐదు రోజులు గుర్రాన్ని వాట్సాప్‌లో చూసేవాణ్ణి. సైసు చేతిలో తొమ్మిది గుర్రాలు, వీలున్నప్పుడు చుక్కని అరగంట నడిపించేవాడు. మిగతా రోజంతా అది గదిలోనే. నేను మాత్రం ప్రేమ కొద్దీ ఓట్స్, ఉలవలు, గోధుమ తవుడు ఏదీ తగ్గించొద్దని చెప్పి, శనివారం పొద్దున్నే వెళ్లి వారం కరువంతా ఒక్క రోజులో తీర్చుకునేవాణ్ణి.

2015 జనవరిలో ఒక శనివారం, నాలుగు చక్కర్లు దౌడు తీయించాక చుక్క ఆగిపోయింది. కాలు కదపలేదు. ఒళ్లంతా చెమట. వెనక తొడల మీద చెయ్యి వేస్తే బండరాయి తగిలినట్టుంది. కాసేపటికి మూత్రం పోస్తే డికాషన్ రంగులో ఉంది. మొండికేసిందనుకుని నేను కళ్లెం పట్టుకుని లాగబోయాను. సైసు నా చెయ్యి పట్టి ఆపాడు. ఆపకపోతే ఏమయ్యేదో తల్చుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది. డాక్టరు వచ్చి సెలైన్లు ఎక్కించి, నొప్పి తగ్గడానికి ఇంజెక్షన్ ఇచ్చి, "మీదేం ఉద్యోగం?" అని అడిగాడు. జబ్బుకీ ఉద్యోగానికీ సంబంధం ఏమిటో నాకర్థం కాలేదు.

సంబంధం ఉంది. పని లేని రోజుల్లో నిండుగా దాణా పెట్టి, ఒక్కసారిగా కష్టమైన పని చేయిస్తే గుర్రానికి కండరాలు బిగుసుకుని దెబ్బతింటాయి. ఆ దెబ్బతిన్న కండరాల సరుకు మూత్రంలోకి దిగి దాన్ని నల్లబరుస్తుంది, కిడ్నీలకీ ముప్పు తెస్తుంది. బళ్లు లాగే గుర్రాల కాలంలో ఇంగ్లండులో ఆదివారం సెలవిచ్చి మేత మాత్రం తగ్గించేవాళ్లు కాదట. సోమవారం బండికి కట్టగానే ఇలాగే పడిపోయేవి. అందుకే దానికి మండే మార్నింగ్ డిసీజ్ అని పేరు. నా చేతిలో అది శనివారం జబ్బయింది. ఐటీ కారిడార్ హాజరుపట్టీ గుర్రం తొడల్లో కనిపిస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. నెల రోజులు జీను వేయలేదు. ఆ తర్వాత పని లేని రోజున గింజలు సగానికి సగం తగ్గించి గడ్డి పెంచాం, రోజూ ఆరుబయట వదిలేలా మాట్లాడుకున్నాం. పగటి షిఫ్టుకి ఐదుకి రెండు. ఆ రెండు కూడా ఒకటో తారీఖున జీతం పడినందుకు.

ఆ దెబ్బకే నైట్ షిఫ్టుకి మారాను. అమెరికా కంపెనీ బిల్లుల పని, సాయంత్రం ఆరున్నర నుంచి తెల్లవారుజామున మూడున్నర దాకా. నైట్ అలవెన్సుతో కలిపి యాభై ఎనిమిది వేలు. పని అయ్యాక ఇంటికి కాదు, తిన్నగా ఫామ్‌కి. ఐదింటికల్లా అక్కడుండేవాణ్ణి. ఖరారా బ్రష్‌తో ఒళ్లు రుద్ది, జీను కట్టి, ఎండ ఎక్కకముందే గంట స్వారీ. వారానికి ఐదారు రోజులు. చుక్క ఒంటి నిగనిగ చూసి ఏం పెడుతున్నారని పక్కవాళ్లు అడిగేవాళ్లు. నా నిద్ర పెడుతున్నానని చెప్పేవాణ్ణి.

2016 మే నెలలో ఒక మధ్యాహ్నం నేను ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకున్నాను. లేచి చూస్తే పద్నాలుగు మిస్డ్ కాల్స్. చుక్కకి కోలిక్. గుర్రం కడుపునొప్పిని తేలిగ్గా తీసుకోకూడదు, అది వాంతి చేసుకోలేదు, లోపలికి పోయింది ముందుకే పోవాలి. పేగు మెలిపడితే గంటల వ్యవహారం. అది కింద పడి దొర్లుతుంటే సైసు లేపి నడిపిస్తూ నాకు ఫోన్ చేస్తున్నాడు. డాక్టరు ముక్కులోంచి ట్యూబు వేసి పారఫిన్ నూనె పట్టించాలన్నా, ఆపరేషన్ దాకా వెళ్తే ఒప్పుకోవాలన్నా ఓనరు మాట కావాలి. ఓనరు ఉప్పల్‌లో గుర్రు పెడుతున్నాడు. పక్క గదిలోని గుర్రం డెంటిస్టుగారిది. ఆయన క్లినిక్ మధ్యలో ఫోనెత్తి, "చేసేయండి, డబ్బు నాది" అన్నారు. సాయంత్రానికి పేడ వేసింది. పేడ చూసి ఏడ్చిన మనిషిని మా ఆవిడ ఆ రోజే మొదటిసారి చూసిందట.

ఆ రాత్రే ఆవిడ అంది: "రాత్రంతా అమెరికాకి, పొద్దున గుర్రానికి, పగలు నిద్రకి. మాకేది?" జవాబు లేదు. నైట్ షిఫ్టుకి గుర్రం తరఫున నాలుగు, ఇంటి తరఫున ఒకటి. సగటు మీరే వేసుకోండి.

2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. దేశంలో దాన్ని చూసి సంతోషించినవాళ్లు ఎంతమందో గానీ వాళ్లలో నేనొకణ్ణి. ఉప్పల్, రామంతాపూర్ షాపులవాళ్లంతా రిటర్నులు వేసిపెట్టేవాళ్ల కోసం వెతుకుతున్నారు. అక్టోబరులో ఉద్యోగం మానేసి ఇంట్లోనే బల్ల వేసుకున్నాను. మొదటి ఏడాది ఆదాయం సగానికి పడిపోయింది. బండి అమ్మేశాను, నాలుగు చక్రాలది కాదు, ఉన్నదే రెండు చక్రాలు. ఫామ్‌కి బస్సు ఎక్కి, దిగి, ఆటోలో వెళ్లేవాణ్ణి.

కానీ తెల్లవార్లు నావయ్యాయి. నెలలో 11, 20 తారీఖులు దగ్గరపడినప్పుడు తప్ప. పదకొండున అమ్మకాల రిటర్ను, ఇరవైన పన్ను కట్టే రిటర్ను. ఇవి కాక ఏటా ఆదాయపు పన్ను హడావుడి. ఆ రోజుల్లో గుర్రాన్ని చూసుకోవడానికి సైసుకి కాస్త అదనంగా ఇస్తాను. మిగతా రోజుల్లో కోలిక్ వచ్చినా, జ్వరం వచ్చినా గంటన్నరలో అక్కడుంటాను. గుర్రం యజమానికి కావాల్సింది పెద్ద జీతం అనుకుంటారు. నాకైతే మధ్యాహ్నం రెండింటికి ఎవరి పర్మిషన్ లేకుండా లేచి వెళ్లగలగడం జీతం కన్నా ఎక్కువ పనికొచ్చింది.

లోపం లేదా అంటే, ఉంది. ఫామ్‌వాళ్లకి ఐదో తారీఖున డబ్బు కట్టాలి, నా క్లయింట్లు "వచ్చే వారం చూద్దాం సార్" అంటారు. అందుకని మూడు నెలల ఖర్చు, డాక్టరు కోసం ఒక యాభై వేలు వేరే ఖాతాలో పెట్టుకున్నాను. 2020 లాక్‌డౌన్‌లో షాపులు మూతపడి ఫీజులు ఆగిపోయినప్పుడు ఆ ఖాతా మంచులా కరిగింది. చుక్క మాత్రం ఒక్క పూట పస్తు పడుకోలేదు. సొంత పనికి ఐదుకి నాలుగు.

లెక్కలవాణ్ణి కాబట్టి తోటి గుర్రపువాళ్లంతా అడిగే మాటకి ఇక్కడే జవాబు చెప్పేస్తాను. లేదు, ఈ ఖర్చుని పన్నులో చూపించుకోలేరు. సరదాకి పెంచే గుర్రానికి ఏమీ రాదు. రేసు గుర్రమే అయినా, ఆదాయపు పన్ను చట్టం ప్రకారం దాని నష్టాన్ని రేసు గుర్రాల ఆదాయంలోంచే తీసేసుకోవాలి, జీతంలోంచి కాదు. మిగిలిన నష్టాన్ని నాలుగేళ్లు ముందుకు మోసుకెళ్లొచ్చు, అంతే. జీఎస్టీ మొదలైనప్పుడు ఆవుకి పన్ను లేదు, బతికున్న గుర్రానికి మాత్రం 12 శాతం వేశారు. మన మీద సర్కారు అభిప్రాయం అందులోనే తెలుస్తుంది.

మా ఫామ్‌లో మిగతావాళ్ల సంగతి. డెంటిస్టుగారిది మంచి వృత్తి, అపాయింట్‌మెంట్లు పదింటికి మొదలవుతాయి, పొద్దుటి స్వారీకి ఢోకా లేదు. ఒక రియల్ ఎస్టేట్ ఆయన భూముల ధరలు ఎగబాకినప్పుడు ఒకే ఏడాది మూడు గుర్రాలు కొన్నాడు, బేరాలు పడిపోగానే ఐదు నెలలు బాకీ పెట్టాడు. గుర్రాలకేం తెలుసు మార్కెట్ సంగతి? ఆ ఐదు నెలలూ మిగతా ఓనర్లం తలా కొంత వేసుకుని వాటికి గడ్డి పెట్టాం. దఫదఫాలుగా వచ్చే డబ్బుతో గుర్రాన్ని పెంచకండి.

"పెళ్లిళ్లకి తిప్పొచ్చు కదా, ఖర్చులొస్తాయి" అని ప్రతి ఒక్కరూ సలహా ఇస్తారు. నేనూ ఒకసారి, తెలిసినవాళ్ల బారాత్‌కి చుక్కని పంపాను. డీజే మొదలైన రెండో నిమిషానికి పెళ్లికొడుకు కిందున్నాడు. దేవుడి దయవల్ల దెబ్బలు తగల్లేదు, తలపాగా నలిగిందంతే. ఆ తర్వాత పాతబస్తీలో బారాత్ గుర్రాలు నడిపే ఒక భాయ్ దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. ఆయన పిల్లగుర్రం నుంచే బ్యాండుకీ బాణసంచాకీ అలవాటు చేస్తాడు. రేసుల్లో గేటు తెరవగానే దూకడం నేర్చిన గుర్రాన్ని డీజే ముందు నిలబెట్టిన నన్ను చూసి ఆయన తిట్టలేదు, జాలిపడ్డాడు. ఆషాఢం, మూఢం వస్తే హిందువుల పెళ్లిళ్లుండవు, మొహర్రంలో, రంజాన్‌లో ముస్లింల పెళ్లిళ్లు తగ్గిపోతాయి. రెండూ కలిసొచ్చిన ఏడు ఏం చేస్తావు భాయ్ అంటే గుమ్మం బయటికి చూపించాడు. ఆటో నిలబెట్టుంది. పగలంతా ఆటో తోలి సాయంత్రం దాణా కొంటాడు. నా కన్నా, డెంటిస్టుగారి కన్నా గుర్రాల కోసం ఎక్కువ కష్టపడే మనిషి ఆయనే. మేం దాన్ని హాబీ అంటాం, ఆయన ఆ మాట ఎప్పుడూ వాడినట్టు లేదు.

అందరిలోకీ తెలివైనవాడు మాత్రం చేవెళ్ల దగ్గర రైతు. పటేలా అని పిలుస్తాం. చెవుల కొసలు లోపలికి తిరిగి ఒకదాన్నొకటి తాకే మార్వాడీ ఆడగుర్రం ఉంది ఆయనకి. రెండెకరాల్లో లూసర్న్ గడ్డి పండించి మా ఫామ్‌కి అమ్ముతాడు. అంటే డెంటిస్టుగారు పళ్లు పీకి, నేను రిటర్నులు వేసి, రియల్ ఎస్టేట్ ఆయన ప్లాట్లు అమ్మి ఇచ్చే డబ్బు చివరికి చేరేది పటేల్ దగ్గరికే. ఆయన గుర్రానికి పెట్టే గడ్డి మా బళ్లు ఎక్కగా మిగిలింది. మీలో ఎవరైనా గుర్రం కోసం ఉద్యోగం వెతుక్కుంటుంటే, ఐదుకి ఐదు దీనికే. పొలం ఎక్కణ్ణుంచి తేవాలో నన్నడక్కండి.

చుక్కకి ఇప్పుడు పదిహేడేళ్లు. ముందు కాళ్లు కొంచెం బిగుసుకుపోయాయి, స్వారీ మానేశాను, పక్కన నడుస్తాను. ఇంకో పదేళ్లు బతకొచ్చు. ఇక గుర్రంతో పనేముందని అడిగేవాళ్లకి మా నాయనమ్మ మాటే చెబుతాను: గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు. ఫామ్‌లో ఇరవై ఎనిమిది వేలు మాత్రం ఇక కట్టలేను. పటేల్‌ని అడిగితే తన పొలంలో ఉంచుకుంటానన్నాడు, నెలకి తొమ్మిది వేలు. నేను ఎనిమిదన్నాను. ఆయనకి చేవెళ్లలో ఎరువుల దుకాణం పెట్టిన కొడుకున్నాడు. ఆ దుకాణం రిటర్నులు ఊరికే వేసిపెడితే ఏడు వేలకి దిగుతానంటున్నాడు. పద్దులు పంపమన్నాను. రెండు గోనెసంచుల నిండా బిల్లులు పంపాడు. బేరం ఇంకా తెగలేదు.