పాత రెండు దశల కంప్రెసర్: బాగు చేయించి ఏళ్లుగా వాడాక

సెకండ్ హ్యాండ్ ఎయిర్ కంప్రెసర్ కొనేవారు మోటారు తిరుగుతోందా, రంగు బాగుందా అని చూస్తారు. ముందు చూడాల్సింది ట్యాంకు అడుగు. గాలిలోని తేమ నీరై చేరేది అక్కడే. తుప్పు లోపలి నుంచి తినేస్తుంటే పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది.

నాది 5 హెచ్‌పీ త్రీ ఫేజ్ మోటారుది. విజయవాడ ఆటోనగర్‌లో మూతపడిన ఒక టైర్ల షాపుది. ట్యాంకు నిండా నీళ్లు పోయించి, చేతిపంపుతో ట్యాంకు మామూలుగా పనిచేసే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఎక్కించి చూశాకే మిగతా ఖర్చుకు దిగాను. నీటితో చేస్తే బలహీనమైన చోట చీలినా కారి ఊరుకుంటుంది. గాలితో అదే పరీక్ష చేస్తే బాంబే. చిల్లు పడితే వెల్డింగుతో అతుకు వేస్తామనేవారి మాట అస్సలు వినవద్దు.

ఇక పంపు. పెద్ద సిలిండరు గాలిని మూడు బార్ల (బార్ అంటే ఒత్తిడి కొలత) లోపు నొక్కి, ఇంటర్‌కూలర్ గొట్టంలో చల్లారాక చిన్న సిలిండరుకు అందిస్తుంది. అది 12 బార్ల దాకా తీసుకెళ్తుంది. నా పంపులో ఆ గొట్టం మీది చిన్న సేఫ్టీ వాల్వు మాటిమాటికీ బుస్సుమనేది. మెకానిక్ దాన్నే మార్చేద్దామన్నాడు. పాపం, అది ఫిర్యాదు చేస్తోందంతే! అసలు దొంగ చిన్న సిలిండరు వాల్వు. అది సరిగా మూసుకోక, నొక్కిన గాలి వెనక్కి తన్నుతోంది. హెడ్డు విప్పితే వాల్వు ప్లేటు మీద నల్లటి మసి, గోటితో గీకినా రానంత గట్టిగా పేరుకుంది. కంప్రెసర్‌లో ఇంజిన్ ఆయిల్ పోస్తే జరిగేది ఇదే. మందపాటి అద్దం మీద గ్రైండింగ్ పేస్టు రాసి ప్లేటును సమంగా రుద్దించి, రీడ్లు (వాల్వులో తెరుచుకుని మూసుకునే పలుచని ఉక్కు రేకులు), గ్యాస్కెట్లు కొత్తవి వేయించాను. అప్పటి నుంచి వీజీ 100 చిక్కదనం ఉన్న కంప్రెసర్ ఆయిలే పోస్తున్నాను. అందరూ ముందు మార్చమనే పిస్టన్ రింగులు కొలిస్తే బాగానే ఉన్నాయి, వాటి జోలికి పోలేదు.

మరో సంగతి. పంపుకు ఉన్న పెద్ద చక్రం ఆకులే దీనికి ఫ్యాను. త్రీ ఫేజ్‌లో ఏ రెండు తీగలు తారుమారైనా చక్రం ఎదురు తిరుగుతుంది. అయినా ట్యాంకు నిండుతుంది కాబట్టి ఎవరూ గమనించరు, సిలిండర్లు మాత్రం కాగిపోతాయి. ఎలక్ట్రీషియన్ చేయి పెట్టిన ప్రతిసారీ చక్రం తిరగాల్సిన దిశ చూపే బాణం గుర్తు చూసుకోవాలి.

ఇన్నేళ్లలో ఇబ్బంది పెట్టింది నాన్ రిటర్న్ వాల్వు (ట్యాంకులోకి వెళ్లిన గాలిని వెనక్కి రానివ్వనిది) ఒక్కటే. మోటారు ఆగాక కూడా, ఒత్తిడిని బట్టి దాన్ని ఆపి నడిపే ప్రెషర్ స్విచ్ దగ్గర గాలి సన్నగా కారుతూనే ఉంటే అనుమానం దాని మీదే. దాని సీలు మార్చాను, ఆ కారడం పోయింది.

చప్పుడు ఎక్కువ, పక్కింటివారితో సఖ్యత అవసరం. సాండ్ బ్లాస్టింగ్, పెయింటింగ్ లాంటి ఎడతెగని పనికి మాత్రం ఇదే సరైనది. టైర్లలో గాలి నింపడానికీ, దుమ్ము ఊదడానికీ అయితే ఇంత బరువు ఇంట్లో పెట్టుకోవద్దు, చిన్న ఒంటి దశది కొనుక్కోండి.