బోర్డు ఒకరిది, భవనం ఇంకొకరిది: పెద్ద హోటల్ చైన్‌లలో బస అనుభవాలు

పెద్ద హోటల్ చైన్‌లలో దిగినప్పుడల్లా రిసెప్షన్ బల్ల పక్కన గోడకు బిగించిన చిన్న పలకను చదవడం నాకు అలవాటు. ఆ హోటల్ ఫలానా సంస్థ యాజమాన్యంలో ఉందని, పైనున్న పేరును అనుమతి మీద వాడుకుంటోందని దాని మీద సన్నటి అక్షరాల్లో రాసి ఉంటుంది. ఈసారి ప్రయాణంలో నేను దిగిన హోటళ్లన్నీ ప్రపంచమంతా ఎరిగిన పేర్లవే అయినా, పలకల మీద కనిపించిన యజమానుల పేర్లలో ఒక్కటి కూడా నేను అంతకుముందు విన్నది కాదు. గుమ్మం మీద వెలిగే పేరును నమ్మి మనం డబ్బు కడతాం. ఆ పేరు గల కంపెనీకీ, భవనం కట్టినవారికీ, మన గది ఊడ్చే మనిషికి జీతం ఇచ్చేవారికీ మధ్య ఉన్న లెక్క తెలిస్తే, ఒకే పేరున్న రెండు హోటళ్లలో ఒకచోట ఆదరణ, మరొకచోట నిర్లక్ష్యం ఎందుకు ఎదురవుతాయో చాలావరకు బోధపడుతుంది. అందుకే బసల మంచిచెడ్డలతో పాటు ఆ లెక్కనూ కలిపి రాస్తున్నాను. ఊళ్ల పేర్లు రాయకపోవడానికి కారణం, ఈ తరహా హోటళ్లు ఏ ఊళ్లోనైనా ఇంచుమించు ఇలాగే ఉండడం.

విమానాశ్రయానికి దగ్గరలోని మొదటి బసకు చేరేసరికి బాగా పొద్దుపోయింది. అలాంటి వేళ ప్రయాణికుడికి వైభవం అక్కరలేదు. చేసుకున్న బుకింగ్ వాళ్ల దగ్గర కనిపించాలి, తాళం కార్డు మొదటిసారికే పనిచేయాలి, వేడినీళ్లు రావాలి, పరదాల సందుల్లోంచి వెలుతురు పడకూడదు. ఇవన్నీ అక్కడ లోటు లేకుండా అమరాయి. ఇదే పేరున్న హోటల్లో వేరే దేశంలో దిగినప్పుడు ఎక్కడ ఉన్నాయో సరిగ్గా అక్కడే, మంచం తలవైపు ప్లగ్ పాయింటు, దాని పైన చదువుకునే దీపం, అల్మరాలో ఇస్త్రీ బల్ల ఉన్నాయి. స్నానాల గదిలో చిన్న షాంపూ సీసాలకు బదులు గోడకు బిగించిన పెద్ద సీసాలు కనిపించాయి. మూత తీయడానికి వీల్లేకుండా వాటికి తాళం కూడా ఉంది. ఇంటర్‌కాంటినెంటల్, మారియట్ సంస్థలు తమ హోటళ్లలో ఈ మార్పు తెస్తామని 2019లో ప్రకటించాయి. ప్లాస్టిక్ చెత్త తగ్గుతుందన్నది నిజమే, ఖర్చు తగ్గుతుందన్నదీ అంతే నిజం. ఎక్కడో కేంద్ర కార్యాలయంలో జరిగిన నిర్ణయం లక్షలాది స్నానాల గదుల గోడల దాకా చేరగలగడంలోనే చైన్ బలమంతా ఉంది. అల్పాహారం గురించి చెప్పుకోవలసిందేమీ లేదు. కడుపు నిండింది, రుచి గుర్తులేదు.

ఎక్కడ దిగినా ఒకేలా ఉంటుందన్న ఈ భరోసాను సరుకుగా మార్చి అమ్మినవారిలో అమెరికాలోని మెంఫిస్ నగరానికి చెందిన కెమ్మన్స్ విల్సన్‌ను ముందుగా చెప్పుకోవాలి. 1951లో ఆయన కుటుంబంతో కారులో వాషింగ్టన్ వెళ్లినప్పుడు, దారి పొడవునా మోటళ్లవారు పిల్లలకు తలా రెండు డాలర్లు అదనంగా గుంజడమూ, ఒకచోటి శుభ్రత మరోచోట లేకపోవడమూ చూసి విసిగిపోయారు. మరుసటి ఏడాది మెంఫిస్‌లో తొలి హాలిడే ఇన్ తెరిచి, తల్లిదండ్రుల గదిలో ఉండే పిల్లలకు అదనపు రుసుము తీసేశారు. తర్వాతి విస్తరణ అంతా తన డబ్బుతో జరిగింది కాదు. స్థలం, పెట్టుబడి ఇతరులవి. పేరు, కొలతలు, నియమాలు తనవి. 1965లో హోలిడెక్స్ అనే కంప్యూటర్ రిజర్వేషన్ వ్యవస్థ వచ్చాక, ఒక హోటల్లో కూర్చుని మరో ఊరి హోటల్లో గది ఖాయం చేసుకోవడం వీలైంది. నా దృష్టిలో బోర్డు కంటే ఆ వ్యవస్థే అసలైన ఆస్తి. రోడ్డు పక్కన ఒంటరిగా హోటల్ కట్టుకున్న మనిషికి బోర్డు చేయించుకోవడం పెద్ద పని కాదు గాని, దూర దేశంలో ఇప్పుడే టికెట్ కొన్న ప్రయాణికుణ్ణి తన గుమ్మం దాకా రప్పించుకోవడం అతని తరం కాదు.

ఈ సదుపాయానికి ఫ్రాంచైజీ తీసుకున్న యజమాని చెల్లించే ధర తక్కువేమీ కాదు. మధ్య తరగతి హోటళ్లలో గదుల రాబడి మీద సాధారణంగా 5 నుంచి 6 శాతం దాకా రాయల్టీ, దాని మీద ప్రచారానికీ రిజర్వేషన్ వ్యవస్థకూ మరికొంత శాతం, ఇవి కాక తరచుగా దిగే అతిథులకు ఉచిత బసల కోసం పాయింట్లిచ్చే పథకానికి వేరే చెల్లింపు ఉంటాయి. ఈ వసూళ్లు లాభం మీద కాక రాబడి మీద జరుగుతాయన్నది గమనించవలసిన సంగతి. యజమాని నష్టపోతున్నా పేరు ఇచ్చిన కంపెనీ వాటా కంపెనీకి అందుతుంది. చేతిలో మిగిలేది సన్నగిల్లినప్పుడు యజమాని కోత పెట్టగలిగేది సిబ్బంది సంఖ్యలోనూ మరమ్మతుల్లోనూ మాత్రమే. విమానాశ్రయం హోటల్లో అర్ధరాత్రి రిసెప్షన్‌లో ఉన్న ఒక్క అమ్మాయే ఫోన్లు ఎత్తడం, తాళం కార్డులు ఇవ్వడం, నీళ్ల సీసాలు అమ్మడం, టాక్సీలు పిలవడం చూశాక, ఆ శాతాలు ఎవరి భుజాల మీద వాలుతున్నాయో వివరించి చెప్పనక్కరలేదు. అంత పనిలోనూ ఆమె విసుగు పడలేదు; ఆ మంచితనం మాత్రం ఏ ఒప్పందంలోనూ రాసి ఉండదు.

తర్వాతి బస వ్యాపార కార్యాలయాలు కిక్కిరిసిన ప్రాంతంలో, ఒకే భవనంలో రెండు పేర్లతో నడుస్తున్న హోటల్లో. ఎడమ తలుపులోంచి వెళితే తక్కువ రాత్రులు ఉండేవారి హోటల్, కుడి తలుపులోంచి వెళితే వారాల తరబడి ఉండేవారి కోసం వంటగది ఉన్న గదుల హోటల్. రిసెప్షన్ బల్లలు వేరు, లిఫ్టులు వేరు, సిబ్బంది చొక్కాల రంగులు వేరు. వ్యాయామశాల ఒక్కటే, ఈత కొలను ఒక్కటే. పొద్దున్నే వరండాలో దుప్పట్ల బండి తోసుకుపోతున్న మనిషిని అడిగితే రెండు వైపులా తామే శుభ్రం చేస్తామని చెప్పాడు. మొదట ఎడమ వైపు, ప్రయాణం పొడిగించుకున్నాక కుడి వైపు ఉన్నాను కాబట్టి తేడా చెప్పగలను: పరుపు అదే, తువ్వాలు అదే, కుళాయి అదే, చిన్న ఫ్రిజ్ స్థానంలో పెద్ద ఫ్రిజ్, ఒక పొయ్యి, రెండు గిన్నెలు అదనం. గది ధరలోని తేడాకు ఆ వంటగది తగినదే గాని, వండుకునే ఉద్దేశం లేనివారు కుడి తలుపు జోలికి పోనవసరం లేదు.

ఒకే కంపెనీ ఇన్ని పేర్లు ఎందుకు పెట్టుకుంటుందని ప్రయాణికులకు అనుమానం రావడం సహజం. మనుషుల అవసరాలు వేరువేరన్న సమాధానంలో కొంత నిజం ఉంది. 1983లో మారియట్ కోర్ట్‌యార్డ్ పేరుతో కొత్త తరహా హోటళ్లు మొదలుపెట్టే ముందు, వ్యాపార ప్రయాణికులు ఏ సదుపాయానికి ఎంత విలువ ఇస్తారో, దేన్ని వదులుకోగలరో విస్తృతంగా పరిశోధించి, ఆ ఫలితాల ఆధారంగానే గదినీ లాబీనీ రూపొందించింది. 1999లో వెస్టిన్ అనే మరో చైన్ తన మంచానికే హెవెన్లీ బెడ్ అని పేరు పెట్టి ప్రచారం చేయడంతో, పరుపుల విషయంలో మిగతా చైన్‌లు కూడా మేలుకోక తప్పలేదు. రెండో కారణం ఒప్పందాల్లో ఉంది. ఒక పేరుతో హోటల్ పెట్టిన యజమానికి, చుట్టుపక్కల కొంత దూరంలో అదే పేరుతో మరొకరికి అనుమతి ఇవ్వబోమని కంపెనీ తరచుగా హామీ ఇస్తుంది. ఆ హామీ సాధారణంగా ఆ ఒక్క పేరుకే వర్తిస్తుంది. కొత్త పేరు పుడితే అదే వీధిలో మరో యజమానికి మరో ఒప్పందం అమ్ముకోవచ్చు. కాబట్టి పేర్ల సంఖ్య పెరిగే కొద్దీ, నిండిపోయిందనుకున్న నగరంలో కూడా కంపెనీకి ఖాళీ దొరుకుతూనే ఉంటుంది. ప్రచార పత్రాల్లో ఒక్కో పేరుకూ ఒక్కో వ్యక్తిత్వం ఉందని రాసుకుంటారు. ఆ వ్యక్తిత్వం చాలాసార్లు తివాచీ రంగు దాటి లోపలికి పోలేదు.

కొత్త పేరు పుట్టించడానికి ఓపిక లేకపోతే కొనుక్కోవడమూ ఉంది. 2016లో మారియట్ దాదాపు 1,300 కోట్ల డాలర్లకు స్టార్‌వుడ్ అనే మరో హోటల్ కంపెనీని కొనేసరికి దాని చేతిలోని పేర్లు మొత్తం 30 అయ్యాయి. వాటితో పాటు చిక్కులూ చేరాయి: స్టార్‌వుడ్ రిజర్వేషన్ వ్యవస్థలోకి 2014లోనే దొంగలు చొరబడిన సంగతి 2018లో గాని బయటపడలేదు. 2024లో హిల్టన్ 21 కోట్ల డాలర్లకు గ్రాడ్యుయేట్ హోటల్స్ అనే పేరును కొన్నప్పుడు, భవనాలు పాత యజమానుల దగ్గరే ఉండిపోయాయి. హోటల్ వ్యాపారంలోకి 1919లో టెక్సాస్‌లోని సిస్కో ఊళ్లో ఒక హోటల్‌ను కొని అడుగుపెట్టిన కాన్రాడ్ హిల్టన్ నుంచి ఇక్కడికి రావడానికి శతాబ్దం పట్టింది. మలుపు మాత్రం ఆయన కాలంలోనే కనిపిస్తుంది. 1949లో శాన్ హువాన్‌లో తెరుచుకున్న కారిబే హిల్టన్‌ను కట్టించింది ప్యూర్టో రికో ప్రభుత్వ సంస్థ. హిల్టన్ దాన్ని నడిపి లాభంలో వాటా తీసుకున్నాడు. 1980ల చివర అమెరికాలో స్థిరాస్తి ధరలు కూలి, అమ్ముడుపోని భవనాలూ అప్పులూ మీద పడ్డాక, 1993లో మారియట్ భవనాలను ఒక కంపెనీగానూ నిర్వహణను మరో కంపెనీగానూ విడగొట్టింది. హిల్టన్ 2017లో తన భవనాల్లో ఎక్కువ భాగాన్ని పార్క్ హోటల్స్ పేరుతో వేరు చేసింది; ఫ్రాన్స్‌కు చెందిన అకోర్ 2018లో భవనాల కంపెనీలో మెజారిటీ వాటా అమ్మేసింది. గిరాకీ పడిపోయినప్పుడు భవనం మీద అప్పు అలాగే ఉంటుంది, పేరు మీద వచ్చే రుసుము తగ్గినా నష్టంలోకి పోదు. షేర్ మార్కెట్టుకు ఈ సుఖం తెలియడంతో, సొంత గోడలు లేకుండా పెరగడమే పెద్ద చైన్‌ల పద్ధతి అయింది. ఇవాళ మారియట్ పేర్ల కింద ఉన్న 9,000కు పైగా హోటళ్లలో కంపెనీకి సొంతమైనవి బహు కొద్ది.

పాత నగరం నడుమ ఉన్న బస ఈ ప్రయాణంలో నాకు అన్నిటికన్నా నచ్చింది. ఎంతోకాలం ఒకే కుటుంబం నడిపిన హోటల్ అది. ఈ మధ్యనే ఒక పెద్ద చైన్ వారి ‘కలెక్షన్’లో చేరింది. ముందు గోడ మీద పాత పేరు అక్షరాలు తీసేసిన చోట రంగు వెలవకుండా మిగిలి, ఆ పేరు ఇప్పటికీ చదవడానికి వీలుగా ఉంది. తాళం కార్డు కవరు మీద కొత్త పేరు, తువ్వాలు అంచున దారంతో కుట్టిన పాత పేరు. గదులు ఒకదానితో ఒకటి పోలవు. నాకిచ్చిన గదిలో కిటికీ దగ్గర నేల కాస్త పల్లంగా ఉండి, కుర్చీ తనంతట తానే బల్ల వైపు జరిగేది. మారియట్ 2010లో ఆటోగ్రాఫ్ కలెక్షన్ అనీ, హిల్టన్ 2014లో క్యూరియో అనీ మొదలుపెట్టిన ఈ ఏర్పాటులో, హోటల్ తన పేరూ రూపమూ చాలావరకు నిలుపుకుని చైన్ రిజర్వేషన్ వ్యవస్థలో, పాయింట్ల పథకంలో చేరుతుంది. చైన్‌కు కొత్త భవనం లేచేదాకా ఆగకుండానే గదులు పెరుగుతాయి. యజమానికి, బుకింగ్ వెబ్‌సైట్లు తరచుగా 15 నుంచి 25 శాతం దాకా తీసుకునే కమీషన్ నుంచి కొంత ఊపిరి దొరుకుతుంది. అక్కడి పాత సిబ్బందికి కొత్త కంప్యూటర్ ఇంకా అలవాటు కాలేదు. నా పేరు రెండుసార్లు తప్పుగా కొట్టి, చివరికి కాగితం మీద రాసుకుని గదికి తీసుకెళ్లారు. మరునాడు భోజనాల గదిలో ముందురోజు నేను ఏ మూల కూర్చున్నానో అడగకుండానే ఆ బల్ల సర్ది ఉంచారు. ఆ శ్రద్ధ కొత్త పేరుతో వచ్చింది కాదు. దాన్ని కొత్త పేరు చెడగొట్టకపోతే అదే పదివేలు.

సముద్రతీరంలోని విహార హోటల్‌కు పాయింట్లు వాడి వెళ్లాను, అసంతృప్తితో తిరిగివచ్చాను. ఇక్కడ చైన్ కేవలం పేరు అద్దెకివ్వలేదు; నిర్వహణ ఒప్పందం మీద హోటల్‌ను తానే నడుపుతోంది. ఇలాంటి ఒప్పందాల్లో మొత్తం రాబడి మీద రెండు మూడు శాతం దాకా మూల రుసుము, లాభం మీద మరో వాటా ఉండడం పరిపాటి. కాబట్టి సేవ మెరుగ్గా ఉండాలి, చాలా విషయాల్లో ఉంది కూడా: శిక్షణ పొందిన సిబ్బంది, సమయానికి శుభ్రమయ్యే గది, అడిగిన దానికి నిమిషాల్లో జవాబు. గది మాత్రం సముద్రానికి వీపు తిప్పి, సామాను లారీలు దిగే పెరటివైపు ఉంది. పాయింట్ల మీద వచ్చిన అతిథికి బదులుగా పథకం నుంచి హోటల్‌కు ముట్టేది, హోటల్ దాదాపు నిండిన రోజుల్లో తప్ప, మామూలు అద్దెకన్నా బాగా తక్కువ. మారియట్‌వారి పాయింట్ల పథకం బోన్‌వాయ్‌లో 20 కోట్లకు పైగా సభ్యులున్నారు. మనం ఉచితమనుకునే ప్రతి రాత్రికీ ఎక్కడో ఒక యజమాని లెక్క చూసుకుంటూనే ఉంటాడు. అద్దె పాయింట్లలో తీరినా, ‘రిసార్ట్ రుసుము’ పేరుతో రోజువారీ మొత్తం బిల్లులో విడిగా వచ్చింది. దాన్ని బుకింగ్ వేళ చిన్న అక్షరాల్లో చెప్పారని ఒప్పుకోవాలి.

అసలు బాధ డ్రిల్లింగ్ చప్పుడు. ఒప్పందం పునరుద్ధరించుకునేటప్పుడో హోటల్ చేతులు మారేటప్పుడో, ఏయే మార్పులు ఎప్పటిలోగా చేయాలో చైన్ ఒక జాబితా ఇస్తుంది; ఖర్చు యజమానిది. ఆ జాబితా ప్రకారమే పక్క భాగంలో స్నానాల గదులు పగలగొడుతున్నారని డ్యూటీ మేనేజర్ మర్యాదగానే వివరించి, మరో అంతస్తుకు మార్చారు. అక్కడా చప్పుడు తగ్గింది గాని పోలేదు. తీరం అందమైనది, ఆహారం బాగుంది, సిబ్బంది మీద నాకు ఫిర్యాదు లేదు. పనులు ముగిశాక మళ్లీ వెళ్లాలనే ఉంది. అవి ఎప్పటికి ముగుస్తాయో తెలుసుకుందామని ఇంటికి వచ్చాక చైన్ సహాయ కేంద్రానికి రాశాను. వారు హోటల్‌ను అడగమన్నారు. హోటల్‌వారు, గడువు తమ చేతిలో లేదని, భవన యజమాని సంస్థను అడగమన్నారు. ఆ సంస్థ నుంచి వచ్చిన జవాబులో, అతిథుల ప్రశ్నలన్నీ చైన్ సహాయ కేంద్రానికే పంపాలని ఉంది.